ఉత్తరం చింపి చూసే కాపలావాడు

లోకమంతా ఫోన్లోనే మెయిల్ చూసుకుంటుంటే ఇంకా కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రాం ఏమిటమ్మా అని మా అమ్మాయి నన్ను ఆటపట్టిస్తూ ఉంటుంది. దాని లోకం దానిది. కథలు రాసుకునే నాకు పంపిన కథలు, తిప్పి పంపిన కథలు, "వచ్చే నెల చూస్తాం" అని సంపాదకులు రాసిన రెండు ముక్కలు, అన్నీ ఒకచోట ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లూ, ఇన్సూరెన్సు రసీదులూ, అమ్మాయి కాలేజీ ఫీజు కాగితాలూ కూడా అందులోకే వస్తాయి. నెట్ లేని పూట కూడా తీసి చూసుకోవాలి. అందుకే థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకున్నాను. ఇది 2004 డిసెంబరులో మొదటి విడుదల అయింది. వచ్చిన ఉత్తరాలను మన కంప్యూటర్లోనే దాచిపెడుతుంది. చిన్న ఆఫీసుల్లోనూ, ట్యూషన్లు చెప్పుకునే ఇళ్ళల్లోనూ, విదేశాల్లో పిల్లలున్న పెద్దవాళ్ళ దగ్గరా ఇలాంటి ప్రోగ్రాములు ఇంకా చాలానే ఉన్నాయి. ఈ వ్యాసం వాళ్ళకోసం.

నిరుడు మా వారు కొత్త యాంటీవైరస్ కొనుక్కొచ్చారు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అది వేసిన మర్నాడు పొద్దున్నే మెయిల్ తెరిస్తే కొత్త ఉత్తరాలు రావు. బదులుగా ఒక చిన్న కిటికీ. ఈ సర్వరు చూపిస్తున్న సర్టిఫికెట్ నమ్మదగిందిగా లేదు, అయినా మినహాయింపు ఇస్తావా అని దాని సారాంశం. కింద "కన్‌ఫర్మ్ సెక్యూరిటీ ఎక్సెప్షన్" అని ఒక బొత్తాం.

"ఏదో అడుగుతోందిగా, ఎస్ కొట్టెయ్" అన్నారు మా వారు, పేపర్లోంచి తలెత్తకుండా. షాపువాడికి ఫోన్ చేస్తే ఆ అబ్బాయీ అదే మాట. "ఏం కాదు మేడం, కన్‌ఫర్మ్ నొక్కేయండి." ఏం కాదు అని ఇద్దరూ అన్నారు గానీ, అదేమిటో ఇద్దరూ చెప్పలేదు. ఎవరో తెలియకుండా తలుపు తియ్యొద్దని ఇంట్లో పిల్లలకి చెప్పేది మనమే కదా. నొక్కకుండా ఆగి, అసలు సంగతేమిటో చదివాను. తీరా చూస్తే అది మన వీధి గుమ్మంలో జరిగే వ్యవహారమే.

పూర్వం మెయిల్ పోస్టుకార్డులా వచ్చేది. దారిలో ఎవరైనా చదవొచ్చు. యాంటీవైరస్ కూడా దారిలో నిలబడి తాపీగా చదివి, లోపల వైరస్ ఉంటే అక్కడే ఆపేసేది. అప్పట్లో ఆ కాపలా అవసరం కూడా. 1999 మార్చిలో మెలిస్సా అని ఒక వైరస్ వర్డ్ ఫైల్లో దాక్కుని మెయిళ్ళలో పాకింది. 2000 మే నెలలో "ఐ లవ్ యూ" అనే ప్రేమలేఖ ప్రపంచమంతా తిరిగింది. ఆ ప్రేమలేఖ పేరు చివర "డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్" అని ఉండేది. విండోస్ ఆ చివరి ముక్కని దాచేసేది కాబట్టి చూసేవాళ్ళకి మామూలు ఉత్తరంలా కనబడేది. తెరిస్తే చాలు, ఆ కంప్యూటర్లో ఉన్న చిరునామాలన్నిటికీ తనంతట తనే పోయేది. ప్రేమలేఖ అంటే తెరవని వాళ్ళెవరు చెప్పండి!

ఇప్పుడు మెయిల్ పోస్టుకార్డు కాదు, సీలు వేసిన కవరు. మీ మెయిల్ సెట్టింగుల్లో 993 అనో, 995 అనో అంకె కనిపిస్తుంది చూడండి, అది సీలు కవర్లు వచ్చే గుమ్మం నంబరన్నమాట. పాత పోస్టుకార్డుల గుమ్మాలు 143, 110. కవరు మీద సర్వరువారి సీలు ఉంటుంది. మన మెయిల్ ప్రోగ్రాం ఆ సీలు చూసి, తన దగ్గరున్న అసలైన సీళ్ళ పుస్తకంతో సరిపోల్చుకుని, సరిపోతేనే లోపలికి రానిస్తుంది.

మరి సీలు వేసిన కవర్లో వైరస్ ఉందో లేదో కాపలావాడికి ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకని వాడేం చేస్తాడంటే, పోస్ట్‌మాన్ దగ్గర సంతకం పెట్టి మన కవరు తనే పుచ్చుకుంటాడు. చింపి, చదివి, మళ్ళీ కొత్త కవర్లో పెట్టి, తన సొంత సీలు వేసి మనకి అందిస్తాడు. యాంటీవైరస్ చేసేది అచ్చంగా ఇదే. తన సర్టిఫికెట్ ఒకటి కంప్యూటర్లో పెట్టుకుని, దాంతో కొత్త సీళ్ళు వేస్తుంది. మెయిల్ ప్రోగ్రాం ఆ సీలు చూసి "ఇది పోస్టాఫీసు సీలు కాదే!" అని కేక వేస్తుంది. నాకొచ్చిన కిటికీ ఆ కేకే. పాపం, దాని తప్పేం లేదు, చెప్పాల్సిందే చెప్పింది.

అదే యాంటీవైరస్ మా ఆడపడుచు ఇంట్లో ఏ గొడవా లేకుండా నడుస్తోంది. వాళ్ళు అవుట్‌లుక్ వాడతారు. అవుట్‌లుక్ చూసే సీళ్ళ పుస్తకం విండోస్‌ది. యాంటీవైరస్ తన సీలుని ముందే అందులో ఎక్కించేసుకుంటుంది. థండర్‌బర్డ్ మొదటినుంచీ వేరే పుస్తకం పెట్టుకుంది. అందులో కూడా ఎక్కించాలని కొన్ని యాంటీవైరస్‌లు చూస్తాయి గానీ, మనం తర్వాత ఎప్పుడో కొత్త ప్రొఫైల్ తయారుచేసుకుంటే అందులో ఆ సీలు ఉండదు. ఒక ఇంట్లో సజావుగా నడిచింది మరో ఇంట్లో మొరాయించడానికి కారణం ఇదీ.

ఇంతకీ ఏం చెయ్యాలి? ముందుగా ఆ కిటికీలో "వ్యూ" అనే బొత్తాం నొక్కి, సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో చదవాలి. "ఇష్యూయర్" అన్నచోట మన యాంటీవైరస్ పేరే ఉంటే సరే, మన కాపలావాడే. అక్కడ తెలియని పేరేదైనా ఉంటే మాత్రం చచ్చినా ఒప్పుకోవద్దు. రైల్వేస్టేషన్లోనో, లాడ్జిలోనో ఊరికే వచ్చే వైఫైలో ఇలాంటి కిటికీ వస్తే మెయిల్ మూసేసి ఇంటికొచ్చి చూసుకోవడమే మేలు. మధ్యలో నిలబడి కవర్లు చింపే విద్య కాపలావాడికి ఒక్కడికే కాదు, దొంగకీ తెలుసు. అర్థం తెలియకుండా కన్‌ఫర్మ్ నొక్కడం అలవాటైన చెయ్యి ఆ రోజున కూడా అలాగే నొక్కేస్తుంది. షాపు అబ్బాయి సలహా నాకు నచ్చనిది అందుకే.

మన కాపలావాడేనని తేలాక రెండు దారులున్నాయి. (స్క్రీన్ మీద ఇంగ్లీషులో కనబడే మాటల్నే తెలుగులో రాస్తున్నాను, పోల్చుకోండి.)

మొదటిది, వాడి సీలుని థండర్‌బర్డ్ పుస్తకంలో కూడా ఎక్కించడం. యాంటీవైరస్ సెట్టింగుల్లో మెయిల్‌కి సంబంధించిన చోట సర్టిఫికెట్‌ని "ఎక్స్‌పోర్ట్" చేసే వీలు చాలావాటిలో ఉంటుంది. దాన్ని డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. థండర్‌బర్డ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అక్కడ కిందకి పోతే మేనేజ్ సర్టిఫికెట్స్. అందులో "అథారిటీస్" అన్న వరసలోకి పోయి ఇంపోర్ట్ నొక్కి ఆ ఫైలు చూపించాలి. వెబ్‌సైట్లను గుర్తించడానికి దీన్ని నమ్ముతావా అని అడిగితే టిక్కు పెట్టి, ప్రోగ్రాం ఒకసారి మూసి తెరిస్తే ఉత్తరాలు గలగలా వచ్చేస్తాయి.

రెండోది, యాంటీవైరస్‌లో "మెయిల్ షీల్డ్" అనో, "ఈమెయిల్ ప్రొటెక్షన్" అనో ఉండేచోట ఈ సీలు కవర్ల తనిఖీ ఒక్కదాన్ని ఆపేయడం. నేను చేసింది ఇదే. అలా అయితే వైరస్ రాదా అని మీరు అడుగుతారు. మా వారూ అడిగారు. ఉత్తరంలో వచ్చిన ఫైలు ఉత్తరంలో ఉన్నంతసేపూ పడుకున్న పాము లాంటిది. మనం దాన్ని తెరిచినప్పుడో, డిస్కు మీద దాచినప్పుడో కదా పడగ విప్పేది. ఆ క్షణాన యాంటీవైరస్‌లోని అసలు కాపలా, అంటే ఫైళ్ళని చూసే భాగం, ఎలాగూ పట్టుకుంటుంది. దాన్ని మాత్రం ఎప్పుడూ ఆపకూడదు. పైగా జీమెయిల్ లాంటివి తమ దగ్గరే అటాచ్‌మెంట్లని తనిఖీ చేస్తాయి, ఈఎక్స్‌ఈ ఫైళ్ళని అసలు పోనివ్వవు, రానివ్వవు. వీధి మొదట్లో ఒకడు, గదిలో ఒకడు ఉండగా గుమ్మంలో మూడోవాడు ప్రతి కవరూ చింపడం నాకైతే మోయలేని ముచ్చట అనిపించింది. విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ ఇలా దారిలో కవర్లు చింపే పని పెట్టుకోదు. దాన్ని మాత్రమే వాడేవాళ్ళకి ఈ కిటికీ బెడద ఉండదు.

గదిలో కాపలా మేలుకునే ఉందా అని చూసుకోవడానికి మంచి ఉపాయం ఉంది. ఐకార్ అనే యూరప్ సంస్థ పేరు మీద ఒక పరీక్ష ఫైలు దొరుకుతుంది. అందులో ఉండేది 68 అక్షరాలే. హాని ఏమీ చెయ్యదు. కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని చూడగానే వైరస్ అన్నట్టే కేకలు పెట్టాలని వాటి తయారీదార్ల మధ్య ఒప్పందం. దాన్ని డెస్క్‌టాప్ మీద దాచబోతే మా యాంటీవైరస్ వెంటనే ఎర్రజెండా ఎత్తింది. మా వారు అప్పుడు నమ్మారు.

ఇదంతా ఉత్తరం దారిలో ఉండగా సంగతి. ఇంట్లోకొచ్చి పెట్టెలో పడ్డాక జరిగే తనిఖీ ఇంకొకటి ఉంది. అసలు ప్రమాదం అక్కడే ఉందని మా పిన్ని వల్ల తెలిసింది.

పిన్ని తణుకులో ఉంటుంది. టీచరుగా చేసి రిటైరైంది. మా బాబాయి మస్కట్‌లో పనిచేసినన్నాళ్ళూ, 2011లో తిరిగొచ్చేవరకూ, వారానికి రెండు ఉత్తరాలు మెయిల్లో రాసేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "వంకాయ కూర నీలా ఎవరికీ కుదరట్లేదు" లాంటి మాటలు. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఉత్తరాలు నాలుగు వందల పైచిలుకు, అన్నీ పిన్ని కంప్యూటర్లో థండర్‌బర్డ్ ఇన్‌బాక్సులోనే ఉన్నాయి. ఆవిడ వాడేది పాప్ అనే పాత పద్ధతి. అందులో ఉత్తరం కంప్యూటర్‌కి చేరాక సర్వరు మీద మిగలకుండా చేసుకోవచ్చు. ఆవిడ కంప్యూటర్లో అలాగే పెట్టి ఉంది. అంటే మరో ప్రతి ఎక్కడా లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్.

"ఏమే, పనిలో ఉన్నావా? మీ బాబాయి ఉత్తరాలన్నీ పోయాయే" అంది. గొంతు వణుకుతోంది.

"పోయాయంటే ఎలా పిన్నీ? ఏం కనబడుతోంది?"

"ఏమీ కనబడట్లేదు. డబ్బా మొత్తం ఖాళీ. రాత్రి ఆ యాంటీవైరస్ ఏదో తనిఖీ చేస్తానంది. పొద్దున్న చూస్తే ఆకుపచ్చ టిక్కు పెట్టి, మీ కంప్యూటర్ సురక్షితం అంటోంది."

"నువ్వు ఇంకేమీ నొక్కకు. మెయిల్ తెరవకు. యాంటీవైరస్ ఏమన్నా అడిగితే డిలీట్ అని మాత్రం అనకు. నేను బస్సెక్కుతున్నా."

జరిగింది ఇది. థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైలుగా పెట్టదు. ఇన్‌బాక్సులో ఉన్న ఉత్తరాలన్నీ ఒకే పెద్ద ఫైలు. ఎప్పుడో వచ్చిన ఒక చెత్త మెయిల్లో పాత వైరస్ ఉంది. పిన్ని దాన్ని అప్పుడే చెరిపేసింది కూడా. అయితే చెరిపిన ఉత్తరం కంటికి కనబడదు గానీ ఆ పెద్ద ఫైల్లో అలాగే ఉండిపోతుంది. "కంపాక్ట్" అనే పని జరిగినప్పుడే అది నిజంగా పోతుంది. రాత్రి తనిఖీలో యాంటీవైరస్‌కి ఆ ముక్క కనబడింది. ఏ ఉత్తరంలో ఉందో విడదీసే ఓపిక దానికి లేదు. ఫైల్లో వైరస్ ఉంది కాబట్టి ఫైలు మొత్తాన్ని ఎత్తుకుపోయింది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టినట్టు! మెయిల్ ప్రోగ్రాం తెల్లారి లేచి, ఇన్‌బాక్స్ లేదు కదా అని కొత్త ఖాళీది ఒకటి పెట్టుకుంది.

అదృష్టం ఏమిటంటే, పిన్ని యాంటీవైరస్ చెరపడానికి కాకుండా "క్వారంటైన్" చెయ్యడానికి పెట్టి ఉంది. క్వారంటైన్ అంటే తాళం వేసిన గది. అందులో పెట్టినవాటిని తిరిగి తెచ్చుకోవచ్చు. అయితే కొన్ని యాంటీవైరస్‌లు కొన్నాళ్ళ తర్వాత ఆ గదిని వాటంతటవే ఊడ్చేస్తాయి. ఇలాంటిది జరిగితే రేపు చూద్దాం, అబ్బాయి సంక్రాంతికి వచ్చాక చూద్దాం అనుకోవద్దు.

మేం చేసిన వరస చెబుతాను, ఇది మారకూడదు. ముందు థండర్‌బర్డ్‌లో హెల్ప్ కింద ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకున్నాం. ఉత్తరాలన్నీ ఉండే ఇల్లు అదే. తర్వాత థండర్‌బర్డ్ మూసేశాం. ఆ ఇంట్లో "మెయిల్" అనే గదిలో ఉన్న కొత్త ఖాళీ ఇన్‌బాక్స్ ఫైలుని పక్కకి మార్చి దాచాం. మధ్యలో వచ్చిన ఉత్తరమేదైనా ఉంటే అందులో ఉంటుంది కదా. ఆ తర్వాత యాంటీవైరస్ సెట్టింగుల్లో "ఎక్స్‌క్లూజన్స్" అన్నచోట ఆ ప్రొఫైల్ ఫోల్డర్ని చేర్చి, దీని జోలికి రావద్దని చెప్పాం. ఇది ముందు చెయ్యకపోతే, తెచ్చిన ఫైలుని తెచ్చినట్టే మళ్ళీ ఎత్తుకుపోతుంది. అప్పుడు క్వారంటైన్లోకి పోయి, ఇన్‌బాక్స్ అన్న పేరు పట్టుకుని "రిస్టోర్" అన్నాం. మా పిన్ని ఈ సేపంతా నా కుర్చీ పట్టుకుని నిలబడే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. థండర్‌బర్డ్ తెరిచాక ఒక నిమిషం ఏమీ కనబడలేదు. ఆ తర్వాత ఉత్తరాల వరస కిందికి దిగడం మొదలుపెట్టింది. పైన 2008 నాటివి. పిన్ని ఏమీ అనలేదు. వెళ్ళి కాఫీ పెట్టుకొచ్చింది.

అక్కడితో అయిపోలేదు. ఇన్‌బాక్స్ మీద మౌస్ కుడి బొత్తాం నొక్కి "కంపాక్ట్" అన్నాం. ట్రాష్ ఖాళీ చేసి దానికీ అదే చేశాం. పాత చెత్త ఉత్తరం అప్పటికి నిజంగా పోయింది. చెరపకుండా మిగిలిన అనుమానపు ఉత్తరాలుంటే యాంటీవైరస్ చిట్టాలో అటాచ్‌మెంట్ పేరు రాసి ఉంటుంది. ఆ పేరుతో వెతికి, తెరవకుండా చెరిపి, మళ్ళీ కంపాక్ట్ చెయ్యాలి. చివరిగా థండర్‌బర్డ్ మూసేసి, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. పిన్ని దాన్ని బీరువాలో నగల పెట్టె పక్కన పెట్టింది. నెలకోసారి తీసి కొత్తగా కాపీ చేస్తోంది.

థండర్‌బర్డ్‌లో ఇందుకోసమే ఒక టిక్కు కూడా ఉంది. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో "యాంటీవైరస్" అన్న శీర్షిక కింద, వచ్చే ఉత్తరాలను విడివిడిగా క్వారంటైన్ చేసుకోనివ్వు అని దాని భావం. అది పెడితే ప్రతి కొత్త ఉత్తరాన్నీ పెద్ద ఫైల్లో కలపకముందు విడిగా ఒకచోట ఉంచుతుంది. యాంటీవైరస్ కావాలంటే ఆ ఒక్కదాన్నే ఎత్తుకుపోతుంది. పాప్ పద్ధతి వాళ్ళు తప్పకుండా పెట్టుకోండి. పాతగా పేరుకున్న ఉత్తరాలకి అది పనిచెయ్యదు, వాటికి ఎక్స్‌క్లూజనే గతి. ఐమాప్ పద్ధతిలో వాడేవాళ్ళకి, అంటే ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకే ఉత్తరాలు కనబడేవాళ్ళకి, సర్వరు మీద ప్రతి ఉంటుంది కాబట్టి ఫైలు పోయినా మళ్ళీ దిగుతుంది. పిన్ని లాంటి వాళ్ళకి ఆ భరోసా లేదు.

ఇంత కాపలా పెట్టినా దాని కళ్ళు కప్పేవి ఉన్నాయి. నాకు కిందటి నెల ఒక మెయిల్ వచ్చింది. మీ కథ బహుమతికి ఎంపికైంది, వివరాలు జిప్ ఫైల్లో ఉన్నాయి, తెరవడానికి పాస్‌వర్డు ఇదీ అని. నేను ఏ పోటీకీ కథ పంపలేదు. జిప్ ఫైలుకి పాస్‌వర్డు పెడితే అది తాళం వేసిన పెట్టె. దారిలో కాపలావాడు కవరు చింపినా ఆ పెట్టె తియ్యలేడు. పెట్టెనీ తాళంచెవినీ ఒకే కవర్లో పెట్టి పంపేవాళ్ళు ఎందుకు పంపుతారో మీరే ఆలోచించండి. అలాగే కరెంటు బిల్లు కట్టలేదు, కేవైసీ అయిపోయింది అంటూ వచ్చే లింకులు. వాటిలో వైరస్సే ఉండదు, మనల్ని మాటల్లో పెట్టి పాస్‌వర్డు గుంజుకోవడమే. వైరస్ కోసం ఫైళ్ళు వెతికే తనిఖీ వాటికి చాలదు. ఒకవేళ డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక్క మాట. యాంటీవైరస్‌కి ఏడాది తిరిగి లైసెన్సు కొత్తగా వేసినప్పుడు, లేదా పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు, మనం ఆపిన మెయిల్ తనిఖీ మళ్ళీ దానంతటదే మొదలవుతుంది ఒక్కోసారి. ఎక్స్‌క్లూజన్లో పెట్టిన ఫోల్డరు పేరు కూడా మాయమవుతుంది. మా ఇంట్లో ఇప్పటికి రెండుసార్లు అయింది. ఆ రోజు పూర్తి తనిఖీ మొదలుపెట్టకముందే ఆ రెండూ ఒకసారి తెరిచి చూసుకోండి.